పైకి తిరిగిన అంచు

పోయిన వారం మిమ్మల్ని మా గుమ్మంలో నిలబెట్టి వెళ్లిపోయాను. తిట్టుకునే ఉంటారు. రండి, లోపలికి రండి. కాకపోతే ముందే చెప్పేస్తున్నా, ఈ వారం లోపలికి వచ్చినవాళ్లని బయటికి పంపడం నా చేతుల్లో లేదు. తాళంచెవి మెర్హావి జేబులో ఉంది.

దారిన పోతూ ఇప్పుడే తొంగిచూసినవాళ్లకి కథ నాలుగు ముక్కల్లో చెబుతాను, మిగతావాళ్లు కాస్త ఓపిక పట్టండి. నా పేరు నిగిస్తి. ఒకప్పుడు మా దేశ రాజధాని అస్మరాలో, రేడియోలో వార్తలు చదివేదాన్ని. ఇప్పుడు కంపాలాలో, కబలగలా బజారు వెనక ఎర్రమట్టి సందులో, రెండు గదుల ఇంట్లోంచి ‘దెగె’ అనే వెబ్‌సైటు నడుపుతున్నాను. దెగె అంటే మా తిగ్రిన్యా భాషలో ‘బయట’. మా దేశం లోపల జరిగేది లోపల చెప్పే దిక్కు లేదు. రేడియో ఉందంటే ఉంది, అది గద్దె మీది పైవాళ్ల గొంతు. కాబట్టి మేం బయటినుంచి చెబుతాం, లోపలివాళ్లు దుప్పటి కప్పుకుని దొంగచాటుగా చదువుతారు. మేమంటే నేనూ, మెర్హావీ. అంతే సంస్థ.

మెర్హావి తమ్ముడు రోబెల్ అక్కడ, పల్లపు ఎడారిలో, ఓ జైల్లో ఉన్నాడు. అన్న పారిపోయి వార్తలు రాస్తున్నాడు కాబట్టి తమ్ముణ్ణి పట్టుకున్నారు. అక్కడ న్యాయం అలాగే నడుస్తుంది. అసలు ఆ జైలే లేదంటారు పైవాళ్లు. ఆ లేని జైలు గేటు ముందు రోజూ ఆడవాళ్లు తిండి బుట్టలు పెట్టుకుని కూర్చుంటారు. కాపలావాడు బుట్ట తీసుకుంటే లోపల మనిషి ఉన్నట్టు. తీసుకోకుండా వెనక్కి తోసేస్తే, ఎందుకని వీళ్లు అడగరు, వాళ్లు చెప్పరు. ఏడవడానికి కూడా వీల్లేదు. లోపల విరేచనాల జబ్బు పట్టుకున్నప్పుడు ఎన్ని బుట్టలు వెనక్కి వచ్చాయో ఒకావిడ అక్కడే కూర్చుని లెక్కపెట్టి మాకు చెప్పింది. వేశాం. ఏయే దేశాల్లోనో చెదిరిపోయిన మావాళ్లంతా ఆ వార్త పట్టుకుని గుండెలు బాదుకున్నారు.

అప్పటినుంచీ ఆ లెక్కపెట్టిన మనిషి కోసం పైవాళ్లు వెతుకుతున్నారు. గిర్మాయ్ అని పేరు చెప్పుకునే ఒకడు మెర్హావికి ఫోన్లు చేస్తున్నాడు. ఆవిడ పేరు ఇయ్యి, నీ తమ్ముణ్ణి తీసుకుపో అంటున్నాడు.

ఆ పేరు తెలిసింది నాకొక్కదానికే. లెమ్‌లెమ్. మెర్హావిని కన్నతల్లి.

ఆ సంగతి వాడికి తెలియదు. తెలియనివ్వొద్దని ఆవిడ నాచేత మరియమ్మ తల్లి మీద ఒట్టు వేయించుకుంది. “వాడి కడుపులో మాట దాగదు నిగిస్తీ. చిన్నప్పుడు చక్కెర దొంగిలిస్తే వాడి మొహమే వచ్చి నాకు చెప్పేసేది,” అంది. జైలుకి బుట్ట ఎవరు తీసుకెళ్తున్నారని కొడుకు ఫోనులో అడిగితే, మీ మావయ్య వెళ్తున్నాడు నాయనా, మోకాళ్ల నొప్పులతో నేను అంత దూరం నడవలేను అని చెప్పింది. కొడుకు నమ్మాడు. అదీ కథ. నిన్నటిదాకా ఎవడో బయటివాడు పేరడిగితే చెప్పకుండా ఉండటం నా పని అనుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం వానలో తడిసి ముద్దై వచ్చి, తలుపు వేసి, తాళం తిప్పి, చెవి జేబులో వేసుకున్నది మా మెర్హావే.

“తాళం ఎందుకురా?” అన్నాను.

“పేరు చెప్పేదాకా ఎవరూ బయటికి పోరు. నువ్వూ పోవు, నేనూ పోను.”

“పోయి ఎక్కడికి చస్తానురా? నాకు పాస్‌పోర్టు ఉందా, నీకుందా? ఈ గదిలోంచి బయటపడితే పక్క గది. నువ్వు తాళం వేసినా వెయ్యకపోయినా మన బతుకు ఇదే. ముందు ఆ చొక్కా విప్పి తల తుడుచుకో, జలుబు చేస్తుంది.”

తువ్వాలు విసిరాను. పట్టుకోలేదు. అది వాడి భుజాన తగిలి నేల మీద పడింది. పైన రేకుల మీద వాన కంకర పోసినట్టు పడుతోంది, మాట్లాడాలంటే అరవాల్సిందే.

“సాయంత్రంలోగా పేరు కావాలన్నాడు,” అని అరిచాడు. “రోబెల్‌ని రేపు పొద్దున ఇంటి దగ్గర దింపుతాడట. అక్కా, నేను ఏనాడైనా నిన్ను ఏదైనా అడిగానా?”

“అడగలేదు.”

“ఎవరో ముక్కూ మొహం తెలియని ఆడది! ఆవిడ కోసం నా తమ్ముణ్ణి చంపుకోమంటావా?”

ముక్కూ మొహం తెలియనిదట! వాడి ముక్కు అచ్చం ఆవిడ ముక్కే. ఆ చివర ఉండే చిన్న వంపుతో సహా. నేను ఆ ముక్కు వంకే చూస్తూ కూర్చున్నాను. పేరు చెబితే వాడు తల్లినీ తమ్ముణ్ణీ తక్కెట్లో వేసుకోవాలి. చెప్పకపోతే నేను రాయిని. అడకత్తెరలో పోకచెక్క అంటారే, నా పరిస్థితి అది, రెండువైపులా పదునే.

“ఆ మనిషి మనల్ని నమ్మి చెప్పింది మెర్హావీ. నమ్మినవాళ్లని అమ్ముకుంటే రేపు దెగెకి కబురు చెప్పేవాళ్లు ఎవరుంటారు?”

“దెగె! దెగె!” వాడు గోడకేసి చెయ్యి కొట్టాడు. “నీకేం అక్కా, నీకు మొగుడా, పిల్లలా, తోడబుట్టినవాళ్లా? నీకు వెబ్‌సైటే బిడ్డ. దానికి పాలు పట్టడానికి మా రోబెల్ నెత్తురు కావాలి.”

తగలాల్సిన చోటే తగిలింది. నాకు కోపం వస్తే నోరు ఆగదని ఈ సందులో అందరికీ తెలుసు. కానీ ఆ క్షణాన వాడిని అనడానికి నా దగ్గర ఉన్న మాట ఒక్కటే, అది అనకూడని మాట.

అంతలో కిటికీ ఊచల అవతల గొడుగు కింద ఓ మొహం కనిపించింది. ఆదెయ్ కుదుసాన్. ఆదెయ్ అంటే అమ్మా అని. ఈ వాకిట్లో ఉండే మావాళ్లందరికీ ఆవిడే అమ్మ. వరండాలో బొగ్గుల కుంపటి పెట్టుకుని కాఫీ కాచి అమ్ముతుంది. మా ఆచారం ప్రకారం మూడో విడత కాఫీ దాకా కూర్చోకుండా ఎవరైనా లేస్తే శాపనార్థాలు పెడుతుంది.

“ఏమే నిగిస్తీ, పట్టపగలు తలుపేసుకున్నారేమిటి? పెళ్లికాని కుర్రాడు, మొగుడు లేని ముసల్ది, లోపల గడియ. ఊరేమనుకుంటుంది?”

“ముసల్ది ఎవరే? నీకంటే పదేళ్లు చిన్నదాన్ని.”

“చిన్నదానివైతే ఇంకా తప్పు. ఇంద, మొదటి కప్పు. తలుపు తియ్యకపోతే ఊచల్లోంచే పుచ్చుకో.”

రెండు చిన్న కప్పులు ఊచల మధ్యనుంచి లోపలికి వచ్చాయి. అల్లం వాసన. మెర్హావి తల తిప్పుకున్నాడు. ఆదెయ్ వాడి వంక చూసి, నా వంక చూసి, కనుబొమలు ఎగరేసి, ఏదో గ్రహించినదానిలా ఇంకేమీ అడక్కుండా కుంపటి దగ్గరికి వెళ్లిపోయింది. అంత నోరున్న మనిషి మాట్లాడకుండా వెళ్లిందంటేనే నాకు భయం వేసింది.

“గిర్మాయ్ అబద్ధం చెబుతున్నాడురా,” అన్నాను, గొంతు తగ్గించి. “వాళ్లు ఇచ్చిన మాట ఎప్పుడు నిలబెట్టుకున్నారు? నువ్వు రాసిన వార్తలే తిరగేసి చూసుకో.”

వాడు మొదటిసారి నవ్వాడు. గెలిచినవాడి నవ్వు అది.

“నువ్వు ఇలా అంటావని తెలుసు. అందుకే రుజువు పంపమన్నాను. పంపాడు. ఇదిగో, మా అమ్మ నోటితోనే విను.”

ఫోను నా మొహం ముందు పెట్టాడు.

లెమ్‌లెమ్‌ని చూసి ఎన్నాళ్లైందో. ఇన్నాళ్లూ నాకు ఆవిడ ఒట్టి గొంతే, అదీ సరిహద్దు ఊళ్లో ఎవరి ఫోనుల్లోంచో దాటుకుని వచ్చే గొంతు. చెవిలో పెట్టుకుని విని, తెర మీద రాసుకుని, వెంటనే చెరిపేసేదాన్ని. ఇప్పుడు తెర మీద ఆవిడ తన ఇంట్లో పీట మీద కూర్చుని ఉంది. వెనక గోడకి మరియమ్మ పటం. జుట్టు బిగించి అల్లుకుంది. చిక్కిపోయింది. నవ్వుతోంది.

“మెర్హావీ, నాన్నా, బాగున్నావా? నేను బాగున్నాను. నీ తమ్ముడూ బాగున్నాడు. మొన్న వాడితో మాట్లాడించారు. కడుపునిండా తింటున్నాడట, నవ్వుతున్నాడు కూడా. ఈ పెద్దమనుషులు మంచివాళ్లు. వాళ్లు అడిగింది చెయ్యి నాన్నా. ఎంత తొందరగా చేస్తే అంత తొందరగా మనమంతా ఒకచోట ఉంటాం.”

అంతే. ఆఖర్న ఒక మగ చెయ్యి నీడ గోడ మీద పడింది, వీడియో ఆగిపోయింది.

“చూశావా?” మెర్హావి కళ్లలో నీళ్లు. “నవ్వుతోంది చూశావా? మా అమ్మకి అబద్ధం చెప్పడం రాదక్కా. నవ్వుతూ అసలే రాదు.”

అబద్ధం చెప్పడం రాదట ఆవిడకి! నేను “మళ్లీ పెట్టు,” అన్నాను.

పెట్టాడు. ఈసారి నేను మాటలు వినలేదు. ఆవిడ మొహం చూడలేదు. భుజాలు చూశాను.

మా ఆడవాళ్లం కప్పుకునే తెల్లని నూలు పైవస్త్రం ఉంటుంది, నెత్సెలా అంటాం. ఒక అంచున రంగు దారాల పట్టీ నేస్తారు. గుడికి ఒక తీరు, పెళ్లికి ఒక తీరు, ఊరికే బజారుకైతే ఒక తీరు. ఏ తీరుగా కప్పుకున్నా రంగుల అంచు కిందికి జారాలి, నలుగురూ చూడాలి. ఒక్క సందర్భంలో మాత్రం బట్టని తిరగేసి అంచు పైకి తెచ్చి, మెడ చుట్టూ, దవడ ఆనుకునేలా చుట్టుకుంటాం. చావు సందర్భంలో. తల్లి పోయినా, మొగుడు పోయినా, బిడ్డ పోయినా.

లెమ్‌లెమ్ నెత్సెలా అంచు ఆవిడ మెడ దగ్గర ఉంది. ఎర్రటి పట్టీ, దవడ కిందుగా, చక్కగా, చేత్తో దిద్ది మరీ చుట్టుకున్నట్టు ఉంది. కంగారులో తిరగబడిన బట్ట కాదు అది.

రోబెల్ లేడు. బుట్ట వెనక్కి వచ్చేసింది. అయినా తుపాకుల మధ్య కూర్చుని, నవ్వుతూ, వాళ్లు రాసిచ్చినదంతా చదివేసి, ఆ చదివిందంతా అబద్ధమని మెడకి చుట్టుకుని చెప్పింది ఆ మహాతల్లి. తీసినవాడు చూసి కూడా చూడలేదు. ఎలా చూస్తాడు? గడ్డాలు మొలవకముందే ఇంట్లోంచి లాక్కుపోయి సైనిక శిబిరాల్లో పెంచిన తరం అది. వాళ్లకి తుపాకీ విప్పడం తెలుసు, అమ్మ బట్ట కట్టుకునే తీరు తెలియదు. ఆ వీడియో కొడుక్కి పంపినట్టు వాళ్లు అనుకున్నారు. నాకు పంపిందావిడ. ఇన్నాళ్లూ చేసిన పనే చేసింది, కబురు చెప్పింది.

“ఏమిటి, మాట్లాడవు?” అన్నాడు మెర్హావి. “ఇప్పుడైనా నమ్ముతావా?”

ఇక్కడ కొంచెంసేపు నన్ను వదిలెయ్యండి. చెప్పేస్తే పేరు అడగడం ఆపుతాడు. లెమ్‌లెమ్ బతుకుతుంది. కానీ నీ తమ్ముడు పోయాడురా అని ఏ నోటితో చెప్పను? వాన తగ్గుతోంది. ఇంక అరవక్కర్లేదు, మెల్లగా చెప్పినా వినిపించేస్తుంది. అదీ నాకు దుర్మార్గంగానే తోచింది.

“కూర్చో మెర్హావీ.”

“నేను కూర్చోను.”

“అమ్మ నెత్సెలా చూడు. అంచు ఎక్కడుందో చూడు.”

చూశాడు. “అయితే?”

“అంచు మెడ దగ్గరికి తెస్తే దుఃఖమని అర్థం. ఇంట్లో చావు జరిగిందని.”

వాడి మొహం ఎర్రగా కందిపోయింది. “సిగ్గుందా నీకు? పేరు చెప్పకుండా తప్పించుకోవడానికి నా తమ్ముణ్ణి చంపేస్తావా? గుడ్డ తిరగబడిందని మనిషి చచ్చిపోయాడంటావా?”

“నేను అబద్ధం...”

“రేడియోలో ఎన్నేళ్లు చెప్పావో నాకు తెలుసులే!” అన్నాడు. వెంటనే నాలుక కరుచుకున్నాడు, అయినా అనేశాడు కదా. “నువ్వే నేర్పావు. ఒక్క నోటి మాట పుకారు. ఒకరి మాట ఒకరు వినని రెండు నోళ్లు చెబితేనే వార్త. నీదొక నోరు. రెండోదేదీ?”

నిజమే, ఆ నియమం నాదే. దాని మీదే దెగె నిలబడింది. నేను నేర్పిన పాఠం నాకే అప్పజెప్పాడు, తప్పు పట్టడానికి లేదు.

“సరే,” అన్నాను. “ఆదెయ్‌ని పిలువు. ఆవిడకి నీ గిర్మాయ్ తెలియదు, మీ అమ్మ తెలియదు. మాట వినిపించకు. నేను నోరు మెదపను. నువ్వే చూపించు, ఏమంటుందో చూడు.”

వాడు కిటికీ దగ్గరికి వెళ్లి, “ఆదెయ్! ఒకసారి ఇలా రా!” అని కేకేశాడు.

ఆవిడ రెండో విడత కాఫీ జెబెనాతో వచ్చింది. నల్లటి మట్టి కూజా మూతి నుంచి ఆవిరి లేస్తోంది. “వచ్చేశానురా, వచ్చేశాను, కాళ్లకి చక్రాలున్నాయా నాకు? ఏదీ, కప్పులు ఖాళీ చెయ్యలేదూ? మొదటిది తాగనివాళ్లకి రెండోది పొయ్యడం పాపం.”

“ఇది చూడు ఆదెయ్,” అని శబ్దం తీసేసి ఫోను ఊచల దగ్గర పెట్టాడు. “మాకు తెలిసినావిడ.”

ఆదెయ్ కళ్లు చికిలించి ముందుకు వంగింది. నవ్వుతూ వంగిన మనిషి. ఆ నవ్వు అలాగే ఉండిపోయింది కాసేపు, తర్వాత కరిగిపోయింది. జెబెనా గబుక్కున కిటికీ గట్టు మీద పెట్టేసింది. భుజం మీది తన నెత్సెలా లాగి, తిరగేసి, అంచు మెడకి చుట్టుకుంది. ఆ పని ఆవిడ చేతులు వాటంతట అవే చేశాయి, ఆలోచించి చేసింది కాదు.

“అయ్యో తల్లీ! ఎవరు పోయారమ్మా ఈవిడకి?” అంది. “ఇంత దుఃఖంలో ఉంటే పక్కన ఒక్క ఆడదైనా లేదేమే? ఒక్కత్తీ కూర్చుందేమిటి? మొహాన ఆ నవ్వేమిటి, మతి చలించిందా?”

మెర్హావి ఫోను దించలేదు. “పోయారని నీకెలా తెలుసు?” అన్నాడు.

“ఎలా తెలుసేమిట్రా? అంచు కనబడటంలా? నీకు తెలీదూ?”

“నన్ను పన్నెండో తరగతిలోనే శిబిరానికి తీసుకుపోయారు ఆదెయ్,” అన్నాడు. “చావులు చాలా చూశాను. ఇంట్లో ఏడవడం చూడలేదు.”

ఆదెయ్ ఊచల్లోంచి చెయ్యి పెట్టి వాడి చెంప పట్టుకుంది. “మీ అమ్మేనా నాన్నా?” అని అడిగింది. ఆ ముక్కు చూసి ఆవిడా పట్టేసింది. వాడు తల ఊపాడు. ఆవిడ ఊచల అవతలే, తడి నేల మీదే చతికిలబడి, గుండె మీద అరచేత్తో మెల్లగా కొట్టుకుంటూ సన్నగా రాగం తీసింది. మా ఇళ్లలో చావు కబురు అలాగే మొదలవుతుంది. ఎవరికోసమో పేరు కూడా తెలియకుండా ఏడ్చింది ఆ మనిషి.

రెండో నోరు పలికింది. వార్త ఖాయమైంది.

మెర్హావి గోడకి ఆనుకుని జారిపోయాడు. ఏడుపు రాలేదు వాడికి. కింద పడి ఉన్న తువ్వాలు తీసుకుని తల తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు. నేను పక్కన కూర్చుని, ఆ తువ్వాలు మెల్లగా లాగేసి, వాడి తల నా భుజానికి ఆనించుకున్నాను. “రోబెల్‌కి సైకిల్ తొక్కడం నేనే నేర్పాను,” అన్నాడు.

సిగ్గులేని మాట ఒకటి చెబుతాను. ఆ దుఃఖం మధ్యలో నా లోపల ఒక మూల ఊపిరి వదిలింది. ఇక పేరు అక్కర్లేదు. ఇక లెమ్‌లెమ్ జోలికి ఎవరూ పోరు. ఒక బిడ్డ పోయినా తల్లి మిగిలింది అనుకున్నాను.

“అక్కా,” అన్నాడు నా భుజం మీంచే.

“ఊఁ.”

“నాకు పేరు తెలియదు కదా. తెలిసింది మాత్రం పొద్దున్నే పంపేశాను.”

నా చెయ్యి వాడి తల మీదే ఆగిపోయింది. “ఏం తెలుసురా నీకు?”

“నువ్వు ఆ బుట్టల వార్త రాస్తున్న రోజు నీకు టీ తెచ్చినప్పుడు తెర మీద ఒక్క ముక్క కనబడింది. ‘మిగతావాళ్ల బుట్టల్లో కలిసిపోకుండా నా బుట్టకి నీలం గుడ్డ కట్టుకుంటాను’ అని రాసి ఉంది. అదే పంపాను. నీలం గుడ్డ బుట్ట ఆవిడ అని. అది చాలదు, పేరు కూడా కావాలన్నాడు. అందుకే నీ దగ్గరికి వచ్చాను.” లేచి నిటారుగా కూర్చున్నాడు. “తమ్ముడూ పోయాడు, ఆవిడనీ పట్టించాను. ఎవరక్కా ఆవిడ? కబురు పంపే దారి ఉందా? ఆ గుడ్డ తీసెయ్యమని చెప్పు, ఇప్పుడే చెప్పు!”

నేను ఫోను కోసం లేచాను. సరిహద్దు ఊళ్లో మనిషి దొరకాలి, వాడు లోపలికి చెప్పాలి, ఆ చెప్పేవాడికి దారి దొరకాలి. ఎప్పుడూ రోజులు పట్టే పని. మొదటిసారి మోగి ఆగిపోయింది. రెండోసారి మోగనే లేదు.

వెనక మెర్హావి ఫోను టింగుమంది.

“గిర్మాయ్,” అన్నాడు. “ఫోటో పంపాడు.”

వాడి భుజం మీంచి చూశాను. దూరం నుంచి, వెనకవైపు నుంచి తీసిన ఫోటో. ఇనుప గేటు, దుమ్ము, వరసగా కూర్చున్న ఆడవాళ్ల వీపులు. ఒకావిడ చుట్టూ ఎర్రటి సున్నా గీశారు. తెల్లటి నెత్సెలా, పక్కన బుట్ట, బుట్టకి నీలం గుడ్డ. కింద ఒకే వాక్యం ఉంది. ‘ఈమేనా? అవునంటే చాలు.’

“కాదని పెట్టు,” అన్నాను. “ఈమె కాదని పెట్టరా, తొందరగా!”

మరీ తొందరగా అనేశాను. వాడు నా వంక ఒక చూపు చూసి, మళ్లీ ఫోటో వంక చూసి, రెండు వేళ్లతో దాన్ని పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు.

“ఈవిడా అంచు పైకే చుట్టుకుంది,” అన్నాడు మెల్లగా. ఇప్పుడే నేర్చుకున్న అక్షరం కూడబలుక్కుని చదివినట్టు చదివాడు. “ఈవిడకీ ఎవరో పోయారు పాపం. మరి పోయినవాడికి బుట్టెందుకు తెచ్చిందక్కా?”

జవాబు నాకు తెలుసు. తన బిడ్డకి కాదురా, మిగతావాళ్ల బుట్టలు లెక్కపెట్టడానికి. ఖాళీ చేతుల్తో గేటు ముందు కూర్చోనివ్వరు కాబట్టి. చెప్పలేదు నేను. కానీ రేడియోలో పనిచేసినదాన్ని, గొంతు దాచుకోవడం వచ్చు, మొహం దాచుకోవడం ఎవరూ నేర్పలేదు. వాడు తలెత్తి నా మొహం చూశాడు. చూస్తూనే ఉన్నాడు. కిటికీ అవతల ఆదెయ్ రాగం ఆగింది.

“మా అమ్మకి మోకాళ్ల నొప్పులు కదక్కా,” అన్నాడు. “అంత దూరం వెళ్లలేదు కదా?”